విప్పనివ్వని కుట్టు

వంకర కుట్టు కొట్టు గడప దాటకూడదన్నది దర్జీ మాస్టారి పట్టుదల. అందుకే ఆ మధ్యాహ్నం ఒక చొక్కా పక్క కుట్టు జానెడు మేర వంకరలు పోయి, మళ్లీ తిన్నగా రావడం చూడగానే విప్పబోయాడు. ఎదురుగా గుండీలు కుడుతున్న భార్య ఆ చొక్కా లాక్కుంది.

"మెషిన్ మొరాయించింది. నూనె వేశాలే," అన్నాడాయన.

"నూనె వేయాల్సింది మెషిన్‌కి కాదు, మీకు. ఇందాక చేతిలో కత్తెర జారిపోయింది. ఏమైందండీ అంటే మాట ముద్దముద్దగా వచ్చింది."

"ఇప్పుడు బాగానే ఉన్నాగా," అంటూ సూదిలో దారం ఎక్కించి చూపించాడు.

బాధ పోతే జబ్బూ పోయిందనుకోవడం లోకసహజం. ఆయన ఒక్కడినే తప్పుపట్టలేం. పైగా ఇద్దరికీ అన్నం పెడుతున్నది ఆ కుడిచెయ్యే. దాన్ని అనుమానించడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆమె మాత్రం కొట్టుకు తాళం వేసి ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చేతులెత్తించింది, నవ్వించింది, మాట్లాడించింది. లోపమేదీ కనిపించలేదు. అప్పుడు భార్య సంచిలోని చొక్కా తీసి బల్ల మీద పరిచింది.

"పెళ్లైనప్పటి నుంచీ చూస్తున్నా తల్లీ. ఇది ఈయన కుట్టు కాదు."

డాక్టరమ్మ ఆ వంకర వెంట వేలు పోనిచ్చి, వెంటనే స్కాన్ రాసింది. మెడలో ఎడమవైపు, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం కొవ్వు పేరుకుని సన్నబడిందని తేలింది. అక్కడి నుంచి ఊడిన రవ్వంత రక్తపు గడ్డ పైకి వెళ్లి, కుడిచేతిని ఆడించే మెదడు భాగానికి రక్తం అందకుండా కాసేపు అడ్డుపడింది.

"ఈసారి కరిగింది. ఇంకోసారి కరగకపోవచ్చు. ఆపరేషన్ చేసి ఆ కొవ్వు తీసేయాలి."

"ఆ ఆపరేషన్‌లోనే చెయ్యి పడిపోతే?"

"పడిపోయే ప్రమాదం కొంత ఉంది. చేయకపోతే అంతకంటే ఎక్కువ."

ఏదీ దాచని ఆ మాటే ఆయనను ఒప్పించింది.

మెడకు మాత్రమే మత్తిచ్చారు. నాళం బిగించి రక్తం ఆపినప్పుడు చేతి పట్టు తెలియాలని కుడిచేతిలో రబ్బరు బాతు పెట్టి, నొక్కుతూ ఉండమన్నారు.

"కత్తెర ఇస్తే ఇంకా బాగా ఆడిస్తానమ్మా."

"నా చేతిలో ఉన్న కత్తి చాలు మాస్టారూ."

బాతు కూస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆగింది. డాక్టరమ్మ చెయ్యీ ఆగింది.

"మాస్టారూ?"

"చెమటకు జారిందమ్మా. దొరికింది."

బాతు మళ్లీ కూసింది.

మెడ మీది కుట్లు తీయించుకుని, కొట్టు తెరిచిన రోజు భార్య ఆ చొక్కా ఆయన ఒళ్లో పెట్టింది.

"ఇప్పుడు విప్పండి."

ఆయన ఒక్కొక్క పోగే తెంపి, మెషిన్ మీద మళ్లీ కుట్టాడు. ఆమె కళ్లజోడు సవరించుకుని, కుట్టు పొడవునా చూసి, గుండీల డబ్బా దగ్గరికి లాక్కుంది.