ఇరవై ఏడు అర్థమైందాలు

మా కాలేజీలో కంప్యూటర్ ల్యాబుకి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి. క్లాసురూముల్లోకి ఎవరైనా చెప్పులతోనే రావచ్చు. అక్కడ ఉండేది మనుషులే కదా. ల్యాబులో ఇరవై కంప్యూటర్లు, వాటి సుఖం కోసం ఒక ఏసీ, నీలం పరదాలు ఉండేవి. దసరాకి అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టేవాళ్ళం. ఇరవైలో పనిచేసేవి పదకొండే. బొట్లు మాత్రం ఇరవైకీ ఉండేవి.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే రోడ్డు మీద ఉండేది ఆ బీఈడీ కాలేజీ. అందులో నేను కంప్యూటర్ విద్య చెప్పేవాణ్ణి. ఇల్లు యాప్రాల్‌లో. రెండు బస్సులు మారి, చివర్లో షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం కూర్చుని వచ్చేవాణ్ణి. మిగతా సగం రోడ్డు మీదుగా వచ్చేది.

రెండువేల ఏడో ఎనిమిదో అనుకుంటాను. ఆ ఏడాది మా ప్రిన్సిపాల్ గారు రెండు రోజుల సెమినార్‌కి వెళ్ళి ఒక సంచీ, ఒక ఫైలు, ఒక ఆశయంతో తిరిగొచ్చారు. సంచీ ఆయన ఉంచుకున్నారు. ఫైలూ ఆశయమూ నాకిచ్చారు.

"ఈపాలి మన పిల్లలు రికార్డు రాయరు సార్. ఈ-పోర్ట్‌ఫోలియో చేస్తరు. ఒక్కొక్కలకు ఒక ఫోల్డరు. యాభై మార్కులు. బయటి ఎగ్జామినర్ వచ్చి చూస్తడు" అన్నారు.

ఫైల్లో ఉన్నవి జిరాక్సు కాగితాలు. ఒకటికి రెండుసార్లు చదివాను. విద్యార్థి తను చెప్పిన పాఠాలు, తీసిన ఫోటోలు, చేసిన రికార్డింగులు ఒకచోట దాచుకోవాలి. వాటి పక్కన ఏం నేర్చుకున్నాడో, ఎక్కడ తప్పాడో తనే రాసుకోవాలి. ఇంకో కాగితంలో 'వ్యక్తిగత అభ్యసన వాతావరణం' అని ఉంది. ప్రతి మనిషీ తనకి వీలైన చోట, దొరికిన పనిముట్లతో, తన చదువుకి తనే ఏర్పాట్లు చేసుకోవడమట. నలభై ఇద్దరు విద్యార్థులకి పదకొండు కంప్యూటర్లున్న చోట, ఎవరి వాతావరణం వాళ్ళు చూసుకోవడం నాకు న్యాయంగానే తోచింది.

క్లాసులో చెప్పాను. "బాగా వచ్చిన పాఠమే కాదు, రాని పాఠం గురించి కూడా రాయండి. ఎందుకు రాలేదో రాయండి. మార్కులు నిజాయితీకే."

ఆ చివరి ముక్క ఏ కాగితంలోనూ లేదు. ఊపులో అనేశాను. నలభై ఒక్కమంది నమ్మలేదు. ఒక్కావిడ నమ్మింది. మా వృత్తిలో ఇంతకంటే ప్రమాదం లేదు.

ఆవిడది శామీర్‌పేట అవతల ఊరు. ముప్ఫై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. క్లాసంతా అక్కా అనేవాళ్ళు. అత్తగారింటి ద్రాక్షతోట అప్పటికే చాలావరకు ప్లాట్లయిపోయి, తెల్లరాళ్ళ మధ్య రెండెకరాల పందిరి మిగిలింది. అడ్మిషన్ రోజున అత్తగారు కూడా వచ్చారు. ఆఫీసు బెంచీ మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే షరతు చెప్పారు.

"ఒక్క ఏడాది సారూ. పాసైతే టీచరమ్మ. కాకుంటె ఇగ కత్తెర వట్టాలె. రెండోపాలి లేదు."

కత్తెరంటే ద్రాక్షతీగలు కత్తిరించేది. ఆవిడ మాటల్లో కోపమేమీ లేదు. కూలీలు దొరకని చోట ఒక మనిషిని ఏడాదిపాటు చదువుకి వదలడం ఎంత పెద్ద సాయమో ఆవిడకి తెలుసు, కోడలికీ తెలుసు. నాకే కాస్త ఆలస్యంగా తెలిసింది.

బీఈడీలో రికార్డంటే ఎవరూ రాసేది కాదు, వారసత్వంగా వచ్చేది. సీనియర్ రికార్డు జూనియర్‌కి వస్తుంది. జూనియర్ అట్ట మారుస్తాడు, పేరు మారుస్తాడు. తప్పులు మాత్రం మార్చడు. అది పెద్దల పట్ల గౌరవం. కొత్తగా వచ్చిన ఈ-పోర్ట్‌ఫోలియోకి సీనియర్లు లేకపోవడంతో మా వాళ్ళు కొన్నాళ్ళు దిక్కులు చూశారు. చివరికి మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆయన ఆదుకున్నాడు. ఒక ఫోల్డరు తయారుచేసి, పేర్లు మార్చి, నలభై ఒక్కమందికి సీడీల్లో ఎక్కించి ఇచ్చాడు. అందులో 'నా అనుభవం' అని ఒక పేజీ.

'బుధవారం నాడు మొదటిసారి అందరి ముందు కూర్చున్నప్పుడు నా కాళ్ళు వణికాయి. తర్వాత వారి చిరునవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది.'

టీచరు క్లాసులో కూర్చోవడమేమిటని నాకు అనుమానం వచ్చింది. సాయంత్రం ఆయన షాపుకి వెళ్ళి, మీరెప్పుడైనా పాఠం చెప్పారా అని అడిగాను.

"లేద్సార్. పిల్లను జూడ పొయిన. గదే రాసిన."

"బుధవారమేనా?"

"బుధవారమే సార్. ఇప్పుడు గా పిల్లనే మా ఇంట్ల ఉన్నది."

మార్కులు నిజాయితీకే అయితే ఆయనకి యాభైకి యాభై రావాలి.

ఇక ఆవిడ ఫోల్డరు. టీచింగ్ ప్రాక్టీసుకి వెళ్ళే స్కూల్లో భర్త ఫోను బల్ల మీద పెట్టి పాఠం రికార్డు చేసుకునేది. మర్నాడు పొద్దున తోటలో పందిరి తీగకి ఫోను కట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కొమ్మలు కత్తిరిస్తూ తన పాఠం తనే వినేది. వ్యక్తిగత అభ్యసన వాతావరణం అని జిరాక్సు కాగితాలు ఎన్ని పేజీలు చెప్పినా, నేను చూసినవాటిలో నిజంగా గాలీ వెలుతురూ ఉన్నది అదొక్కటే.

విన్నాక ఇలా రాసుకుంది.

'ఈ రోజు నా పాఠం రాలే. శాఖీయ ప్రత్యుత్పత్తి అని బోర్డు మీద రాసిన. ఆ మాట పలికిచ్చేవరకే సగం పీరియడ్ పాయె. నడుమ విమానం వొయింది. పిల్లలందరు కిటికి దిక్కు చూసిన్రు. నేను గూడ చూసిన. రికార్డింగ్ ఇన్న. అర్థమైందా, అర్థమైందా అని ఇరవై ఏడు సార్లు అడిగిన. ఒక్కసారి గూడ జవాబు కోసం ఆగలే. వాళ్ళు నోరు తెరిచే లోపల్నే నేను ముందటి లైన్‌కు పోయిన.'

దీని కింద ఇంకో పాఠం రికార్డింగు పెట్టింది. పక్కన ఒకటే ముక్క: 'ఈపాలి ఆగిన.'

పరీక్షకి ముందురోజు ప్రిన్సిపాల్ గారు ఫోల్డర్లన్నీ చూస్తూ దీని దగ్గర ఆగిపోయారు.

"గిదేంది సార్? పాఠం రాలే అని ఎవరన్న రాసుకుంటరా? ఎగ్జామినర్ ఫెయిల్ చేస్తె ఆమె చేతులతోటి ఆమెనే రాసుకున్నట్టు గదా. తీపియ్యిన్రి."

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ భయం నాకూ ఉంది. ఆవిడని ల్యాబు బయటికి, చెప్పుల దగ్గరికి పిలిచాను.

"అందరూ పెట్టిన పేజీయే మీరూ పెట్టేయండమ్మా. రేపొక్కరోజుకి."

"మీరే గద సార్ రాయమన్నది?"

"అన్నాను."

"మరి గప్పుడు చెప్పింది అబద్ధమా, గిప్పుడు చెప్పేదా?"

దీనికి నా దగ్గర జవాబుంది గానీ అది లెక్చరర్లు పైకి చెప్పే రకం కాదు. "ఫెయిలైతే మీకు రెండోసారి లేదు కదమ్మా" అన్నాను.

ఆవిడ కాసేపు అక్కడున్న చెప్పుల్ని చూసింది. "చూస్త సార్" అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఎగ్జామినర్ వచ్చేలోపే ఫోల్డరు తెరిచి చూశాను. పేజీ మారలేదు. ఆవిడ వైపు చూశాను.

"షాపాయనది సదివిన సార్. కాళ్ళు వణికినయ్ అని రాసిండు. ఇద్దరు పిల్లల తల్లిని, నా కాళ్ళెందుకు వణుకుతయ్? నాకు భయం గాలే. పాఠం రాలే. గంతే."

ఎగ్జామినర్ గారు రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న పెద్దమనిషి. ల్యాబు గుమ్మంలో బూట్లు విప్పమంటే కాస్త తటపటాయించారు. విప్పాక తెలిసింది, ఎడమ సాక్సులోంచి బొటనవేలు బయటికొచ్చి ఉంది. ఆ పూటంతా ఆయన ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుని కూర్చున్నారు. ఆ వేలి మీద జాలితోనే అప్పటిదాకా ఆయనంటే ఉన్న భయం కొంత తగ్గింది.

మొదటి ఫోల్డరు చూశారు. బాగుందన్నారు. రెండోది చూశారు. ఆరోదాని దగ్గర కళ్ళజోడు తీశారు.

"వీళ్ళందరికీ ఒకే బుధవారం ధైర్యం వచ్చిందాండీ?"

"మా దగ్గర డిసిప్లిన్ ఎక్కువ సార్" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఏడో ఫోల్డరు నుంచి ఆయన తెరవడం మానేసి, పిలిచిన ప్రతి పేరుకీ నలభై రెండు వేసుకుంటూ పోయారు. నిజానికి నాకది హాయిగానే ఉంది. ఆ ఊపులో ఆవిడ పేరు కూడా దాటిపోతుందనుకున్నాను. కానీ ఆవిడ ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి నిలబడి, తన ఫోల్డరు తనే తెరిచింది.

ఆయన చదివారు. రెండోసారి చదివారు.

"పాఠం రాలేదని ఈవిడే రాసుకుంది. వచ్చిందని నేనెలా రాస్తానండీ?"

పాసవడానికి ఇరవై ఐదు రావాలి. ఆయన పెన్ను ఖాళీ గడి మీద నిలబడి ఉంది. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. ఆ చూపులో 'నేను ముందుగాల్నే చెప్పిన గదా' అని ఉంది.

"దాని కిందే రెండో పాఠం ఉంది సార్. రెండు నిమిషాలు" అన్నాను.

గడియారం చూసుకుని, సరేనన్నట్టు తలూపారు. నేను మౌస్ నొక్కాను. కరెంటు పోయింది.

యూపీఎస్‌లన్నీ తలా ఒక గొంతుతో కాసేపు ఏడ్చి ఊరుకున్నాయి. ఏసీ ఆగింది. తెరలన్నీ నల్లబడ్డాయి. బొట్లు మాత్రం మిగిలాయి. ఎగ్జామినర్ గారు "సరే మరి" అని పెన్ను దించబోతున్నారు. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఫోను తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇందుల గూడ ఉన్నది సార్."

ఫోన్లోంచి ఆవిడ గొంతు. ద్రాక్షకొమ్మని ఎటు తిప్పి నాటాలో, చిగురొచ్చే కన్ను పైకే ఎందుకుండాలో చెబుతోంది. చెప్పి, "అర్థమైందా?" అంది.

తర్వాత ఏమీ లేదు. ఎగ్జామినర్ గారు ఫోను మీదికి వంగారు.

"ఆగిపోయినట్టుందమ్మా."

"నడుస్తాంది సార్. నేనే ఆగిన."

నలుగురం ఆ ఫోను మీదికి వంగి విన్నాం. ఎక్కడో బెంచీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. ఒక క్లాసు అంతసేపు నోరు మూసుకుని ఉండగా టీచరు కూడా నోరు మూసుకుని ఉండటం నా సర్వీసులో నేను వినలేదు. అప్పుడు బాగా లోపల్నుంచి ఒక సన్నటి గొంతు వచ్చింది.

"కాలే టీచర్."

వెంటనే ఇంకోటి. "నాగ్గూడ కాలే."

నవ్వులు. ఆ నవ్వుల్లోంచి మళ్ళీ ఆవిడ గొంతు. "అయితె మల్లొకసారి సూద్దాం. రా, నువ్వే వట్టు కొమ్మ."

ఎగ్జామినర్ గారు మార్కుల కాగితం దగ్గరికి లాక్కున్నారు. ముప్ఫై ఒకటి వేశారు.

అది పాసే. అయినా నాకు మండింది. మెట్ల దగ్గర ఆయన్ని ఆపి, "ఆ నలభై ఒక్కమందికీ నలభై రెండేశారు కదా సార్" అన్నాను.

"తప్పు ఒప్పుకున్నవాళ్ళకి ఎక్కువేస్తే రేపు అందరూ ఒప్పుకుంటారండీ" అన్నారాయన, ముంచుకొచ్చే వరద గురించి చెబుతున్నట్టు. బూట్ల లేసులు కట్టుకున్నాక మాత్రం జేబులోంచి తన ఫోను తీసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించారు. "దీంట్లో అలా రికార్డింగు చేసేది ఎక్కడుంటుంది?"

చూపించాను. కోపం అంతటితో పోయింది.

ఆవిడ దగ్గరికి వెళ్ళి మార్కుల సంగతి చెప్పి, నావల్లే తగ్గాయన్నాను.

"పాస్ గద సార్?"

"పాసే."

"మా అత్తమ్మ అంకె అడగది తియ్యిన్రి" అని అక్కడే నిలబడి ఇంటికి ఫోను చేసింది. ఆ అత్తగారి గొంతు వినడానికి నిజానికి ఫోను అక్కర్లేదు.

"అత్తమ్మా, అయింది."

"ఏమైంది?"

"పాసైన."

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. ఆగడం ఆ ఇంట్లో అందరికీ వచ్చని అప్పుడు తెలిసింది.

"గట్లనా. అయితె ఆ కత్తెర ఏడ వెట్టినవో నాకు చెప్పు."

అంతవరకూ కదలని ఆవిడ మొహం అప్పుడు కదిలింది. "తొట్టి పక్కన" అని చెప్పి, గోడ వైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను చెప్పులు వెతుక్కున్నాను. నావి కాళ్ళకే ఉన్నాయి.

మరుసటి ఏడాది కొత్త బ్యాచ్ వచ్చింది, ఫోల్డర్లు వచ్చాయి. సీనియర్ల రికార్డుకి ఎలా నడకొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆవిడ ఫోల్డరు కూడా నడుచుకుంటూ బస్టాండు ఎదురు షాపుకి చేరింది. ఆ ఏడు నలభై మందికి నలభై మందీ పాఠం రాలేదని ఒప్పుకున్నారు. నలభై మందీ ఇరవై ఏడుసార్లే అర్థమైందా అని అడిగారు. తెలుగు వాళ్ళకీ, లెక్కల వాళ్ళకీ, అందరి పాఠం మధ్యలోంచీ విమానం పోయింది. ఎగ్జామినర్ గారన్న వరద అదే కాబోలు.

కొన్నాళ్ళకి మేడ్చల్ బస్టాండులో ఆవిడ కనిపించింది. దుండిగల్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతోంది. చేతిలో టిఫిన్ డబ్బా, సంచీలో పిల్లల నోటుపుస్తకాలు. సంగతి చెబితే పక్కనున్నవాళ్ళు తిరిగి చూసేలా నవ్వింది.

"అందరికి ఇరవై ఏడేనా? ఒక్కటన్న ఎక్కువ తక్కువ లేదా?"

"లేదు."

నవ్వు ఆపుకుని అడిగింది. "మరి అడిగినంక ఎవరన్న ఆగిన్రా సార్?"

ఆ ప్రశ్న నాకూ వచ్చింది గనక జవాబు దగ్గరుంది. ఫోల్డర్లన్నీ వెతికితే రికార్డింగు పెట్టిన అమ్మాయి ఒకే ఒక్కతె దొరికింది. మిగతావన్నీ రాతలే.

"ఒకమ్మాయి ఆగిందమ్మా."

"ఎంతసేపు?"

"నాలుగు సెకండ్లు."

బస్సు వచ్చింది. ఆవిడ సంచీ భుజానికెత్తుకుని, మెట్టు మీద కాలుపెట్టి వెనక్కి తిరిగింది.

"మొదటిపాలి గద సార్. మస్తు" అంది.