ఎనిమిదో బ్యాంజో కోసం గ్లాస్గో దాకా

గ్లాస్గోలో పార్టిక్ దగ్గర ఒక కమ్యూనిటీ హాలు ఉంది. ఆ హాలులో తొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం జానపద బ్యాంజో నేర్పుతున్న గదిని దాని మేనేజరు గ్రాహం లాక్కోబోతున్నాడు, అదీ బ్యాంజో పేరు చెప్పి! ఈ సంగతి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఈ మధ్య ఒక పాతకాలపు బ్యాంజో కళాకారుడి జీవితం మీద సినిమా వచ్చింది. వారాంతాల్లో ఆ హాలులోనే వేస్తుంటే జనం విరగబడుతున్నారు. వాళ్లు ఫొటోలు దిగడానికి గ్రాహం వరండాలో ఒక తెర కట్టించి, దాని ముందు ప్లాస్టిక్ బ్యాంజో ఒకటి నిలబెట్టాడు. దానికి తీగలు కూడా లేవు. వరండా ఇరుకైందని ఇప్పుడా సరంజామాను క్లాసు గదిలోకి మారుస్తాడట. ఊరికే పొమ్మంటే బాగుండదని ఒక షరతు పెట్టాడు: శనివారం మధ్యాహ్నం రెండింటికి సొంత బ్యాంజోలతో ఎనిమిది మంది హాజరైతే గది క్లాసుకు, లేదంటే సినిమాకు. క్లాసులో ఉన్నది నేర్పే ఆయనతో కలిపి ఏడుగురే.

ఆ ఏడుగురిలో ఒకరు శారద ఆంటీ, మా ఫ్లాట్‌మేటుకు పిన్ని. గుంటూరు మనిషి, గ్లాస్గోలో ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టరు. డ్యూటీల రోటాలో శనివారాలు ఎవరినో ఒకరిని బతిమాలి మార్చుకుని మరీ బ్యాంజో నేర్చుకుంటున్నారు. బుధవారం ఫోన్ చేశారు.

"ఒరేయ్ రాజూ, మీ నాన్న బ్యాంజో వాయిస్తారన్నావు కదా. నీకూ వచ్చా?"

"మస్తుగ వస్తది ఆంటీ. వచ్చేటప్పుడు మా బాపుది ఈడికి తెచ్చుకున్న గూడ."

"అమ్మయ్య! అయితే శనివారం వచ్చెయ్. ఎనిమిదోవాడివి నువ్వే. నువ్వొస్తే మా గది నిలబడుద్ది."

నేను న్యూకాసిల్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. డిసర్టేషన్ పక్కన పెట్టి, లైబ్రరీలో కూర్చుని 'జానపదం అమ్మకానికి లేదు' అని ఇంగ్లీషులో ఒక కరపత్రం రాసి అరవై కాపీలు తీశాను. సినిమా మాత్రం చూడలేదు. పోస్టరు వైపు కూడా చూడకూడదని పంతం పట్టాను. కరపత్రాలు చదివి పెరిగినవాడికి పంతాలకేం తక్కువ? ఆ పంతం ఎంత పని చేసిందో శనివారం తెలిసింది.

ఉదయం ఎనిమిదీ నలభై అయిదు కోచ్ బస్సు ఎక్కాను. ఎడిన్‌బరో మీదుగా గ్లాస్గో చేరడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. వారం ముందు బుక్ చేసుకుంటే పదిహేను పౌండ్ల లోపే. నాలా చివర్లో కొంటే ఇంచుమించు రెట్టింపు. రైలు త్వరగా చేరుస్తుంది కానీ జేబుకు చిల్లు. డ్రైవరు నా చేతిలోని పొడవాటి పెట్టెను చూసి ఆపాడు.

"ఏంటది? కీబోర్డా?"

"బ్యాంజో."

"బ్యాంజోనా? అది గుండ్రంగా ఉండాలే! నీదానికి ఎవరైనా ఇస్త్రీ చేశారా?"

వెనకాల ఇద్దరు నవ్వారు. వాద్యాల గురించి ఈయనకేం తెలుసులే అనుకుని, పెట్టెను కింద సామాన్లలో వేయనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బెరిక్ ఊరి దగ్గర నుంచి కుడివైపు సముద్రం కనిపిస్తుంది, కాబట్టి సీటు కుడివైపు చూసుకోండి. నేను మాత్రం సముద్రాన్ని చూసింది తక్కువ, గడియారాన్ని చూసింది ఎక్కువ. ఎడిన్‌బరో బయట రోడ్డు పనుల దగ్గర కోచ్ ఇరవై నిమిషాలు కదల్లేదు. నా ఒక్కడి ఆలస్యం వల్ల ఏడుగురి గది పోతుందేమోనని ఆంటీకి మూడుసార్లు మెసేజ్ పెట్టాను.

బస్ స్టేషన్ నుంచి బుకానన్ స్ట్రీట్ సబ్‌వేకు ఏడెనిమిది నిమిషాల నడక. సబ్‌వే అంటే ఇక్కడ భూగర్భ రైలు, గ్లాస్గోలో అది ఒకే ఒక వలయం. ఎటు ఎక్కినా పార్టిక్ చేరతారు కానీ ఇన్నర్ అన్న బోర్డు ఉన్న వైపు ఎక్కితే దగ్గర. టికెట్టు రెండు పౌండ్ల లోపే. రైలు పెట్టెలు బొమ్మరైలంత చిన్నవి. నా వాద్యం ఎదుటివాళ్ల మోకాళ్లకు తగులుతూనే ఉంది.

స్టేషన్ బయట ఆంటీ కారుతో ఉన్నారు. పులిహోర డబ్బా నా చేతికిచ్చి, "ముందు నీ బ్యాంజో చూపించరా, తీగలు ప్రయాణంలో సడలి ఉంటాయి" అన్నారు. పెట్టె మూత తీశాను. ఆంటీ వంగి చూశారు.

"ఇదేంట్రా?"

"బ్యాంజో."

"ఓరి దేవుడా. ఇది మన బ్యాంజో!"

"మరెవ్వల బ్యాంజో గావాలె?"

ఆంటీ వెనక సీట్లోని సంచి జిప్పు తీశారు. లోపల డప్పులాంటి గుండ్రటి ముఖం, దానికి పొడవాటి మెడ, అయిదు తీగలు. నాదేమో బల్లపరుపు చెక్క, దాని మీద టైపురైటరుకున్నట్టు వరసగా మీటలు. ఎడమ చేత్తో మీట నొక్కి కుడి చేత్తో తీగ మీటాలి. మా వైపు భజనల్లో, పెళ్లి బ్యాండుల్లో బ్యాంజో అంటే ఇదే. ఇంకోటి ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. ఆ సినిమా పోస్టరైనా చూసి ఉంటే తెలిసేది.

"మా వైపు భజనల్లోనూ ఇదే ఉండేదిరా" అన్నారు ఆంటీ నుదురు పట్టుకుని. "ఇరవయ్యేళ్లు ఇక్కడుండేసరికి బ్యాంజో అంటే నాకు ఈ గుండ్రటిదే కళ్ల ముందుకొస్తంది. ఏ బ్యాంజో అని అడగాల్సింది నేను."

"అడిగేదేంది ఆంటీ? గాళ్లకు బ్యాంజో గావాలె, ఇది బ్యాంజో. గంతే."

"కోపం తెచ్చుకోకు. అక్కడ మాత్రం నన్ను మాట్లాడనియ్."

మేం వెళ్లేసరికి వరండాలో నలభై మంది దాకా ఫొటోల కోసం లైను కట్టి ఉన్నారు. రెండున్నరకు ఆట. నేను కరపత్రాలు పంచాను. ఒకాయన తీసుకుని, సన్నగా చుట్టి, దాంతో చెవి గోక్కున్నాడు. గదిలో ఆరుగురు తమ గుండ్రటి బ్యాంజోలతో కూర్చుని ఉన్నారు. వాళ్లలో నేర్పే ఆయన పేరు ఈవన్. డెబ్బై ఏళ్లు, ఓడల్లో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. నా పెట్టె చూసి కుర్చీ చూపించాడు.

సరిగ్గా రెండింటికి గ్రాహం పేర్ల పట్టీ బిగించిన అట్ట పట్టుకుని వచ్చి లెక్కపెట్టాడు.

"ఏడు. ఎనిమిదో మనిషి?"

"నేనే."

"అది టైపురైటరు కదా!"

ఆంటీ నా చెయ్యి పట్టుకునేలోపే లేచాను. "నీ ప్లాస్టిక్ దానికి తీగలే లేవు. దాన్ని బ్యాంజో అంటావు. నాదానికి తీగలున్నాయి, మా దేశంలో ఏ ఊరికెళ్లినా దీన్ని బ్యాంజో అంటారు. నీకు నచ్చింది బ్యాంజో, మాకున్నది కాదా?"

గ్రాహం అరవలేదు. అదే నాకు మరింత మండింది. "నాది ఫొటో కోసం పెట్టింది. అది వాద్యమని నేనెవరికీ చెప్పలేదు. ఆ లైను చూడు. నిరుడు ఈ రోజున ఈ వరండాలో ఎవరున్నారు? జనాన్ని సినిమా తెచ్చింది. మీ క్లాసు ఎవరిని తెచ్చింది?"

జవాబు లేనప్పుడు నా గొంతు ఇంకా పెరుగుతుంది. అది విని లైనులోని తలలు ఇటు తిరిగాయి. గ్రాహం నన్ను వదిలి ఈవన్ వైపు చూశాడు. "నువ్వే చెప్పు ఈవన్. ఇది బ్యాంజో అని నువ్వంటే రాసేసుకుంటాను."

ఒక్క మాట చాలు. ఈవన్ వంగి నా వాద్యం మీద ఒక మీట నొక్కాడు, తీగ మీటాడు, ఆ నాదం పూర్తిగా అణిగేదాకా విన్నాడు.

"మంచి వాద్యం" అన్నాడు. "కానీ నేను నేర్పేది ఇది కాదు. రాసుకోవద్దు."

ఆంటీ కళ్లు మూసుకున్నారు. నేను ఆయన మీదే విరుచుకుపడ్డాను. "ఒక్క మాట అంటే గది నీదయ్యేది!"

"అయ్యేది. బయట పెట్టిన ప్లాస్టిక్ దాన్ని బ్యాంజో కాదన్నది నేనే. నిన్ను చూసి దీన్ని అవునంటే రేపు ఈ గదిలో ఏం నేర్పను?" అని, "వాయిస్తావా? పట్టీలో పేరు లేకపోతే చేతులు కట్టేసుకోవాలా?" అన్నాడు.

మా బాపు బతుకమ్మ రోజుల్లో వాయించే వరస ఎత్తుకున్నాను. రెండో చుట్టులో ఈవన్ అందుకున్నాడు, తర్వాత ఆంటీ, తర్వాత అందరూ. వాళ్ల తీగలు టకటకా పలికి ఆగిపోతుంటే నావి మధ్యలో గణగణలాడుతున్నాయి. లైనులోని వాళ్లు ఫోన్లెత్తి వీడియోలు తీశారు. సినిమా తలుపులు తెరిచే గంట మోగగానే వెళ్లిపోయారు. ఒక్కావిడ ఆగింది. పేరు మోయిరా.

"సినిమా రెండుసార్లు చూశాను. ఇవాళ మూడోసారి. బ్యాంజో ఇంత గట్టిగా మోగుతుందని అందులో తెలియలేదు. నేర్చుకునే వయసు దాటిపోయానా?"

"నాకంటే చిన్నదానివే కదా, కూర్చో" అన్నాడు ఈవన్.

గ్రాహం ఆమె పేరు రాసుకోలేదు. చేతిలో వాద్యం లేదు, షరతు షరతే. గడియారం చూశాడు. రెండూ పన్నెండు. ఖాళీ అయిన వరండా వైపు చూసి, "వచ్చే శనివారం. రెండు గంటలకు. అదే ఆఖరు" అని వెళ్లిపోయాడు.

జీవితకథ సినిమా ఒక వాద్యాన్ని బతికిస్తుందా అని మిత్రులు అడుగుతున్నారు. బతికించదు అని కరపత్రంలో రాశాను, సినిమా చూడకుండానే. గ్రాహం మాట నాకిప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది: ఆ వరండా నిండింది సినిమా వల్లే. కానీ ఆ నలభై మందిలో ఒక్కరు గుమ్మం దాటి వచ్చారంటే, దాటడానికి అవతల ఒక గది ఉండబట్టే. ఆ గదిని తీసేసి సినిమా బ్యాంజోను బతికించిందని చెప్పడం నేను ఒప్పుకోను. ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. నేను ఆ రోజు అబద్ధంతో గెలవడానికి సిద్ధపడ్డాను. ఓడిపోయేలా ఉన్నా నిజం చెప్పినాయన దగ్గర కూర్చుని వచ్చాను. తిరుగు ప్రయాణంలో మిగిలిన కరపత్రాలు పంచడానికి మనసొప్పలేదు.

వెళ్లేవాళ్లకు ఒక సలహా: శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే మధ్యాహ్నం సబ్‌వేలో కాలు పెట్టే చోటుండదు. వాద్యం వెంట ఉన్నవాళ్లు పన్నెండున్నర లోపే ఎక్కేయండి.

ఈవన్ ఇంట్లో ఒక పాత బ్యాంజో ఉంది. దాని తోలు బిగించి మోయిరాకు ఇస్తాడు. కానీ వచ్చే శనివారం ఆంటీకి ఆన్‌కాల్ డ్యూటీ, ఎంత బతిమాలినా రోటా మారలేదు. అంటే మోయిరాను కలిపినా మళ్లీ ఏడుగురే. ఈ దేశంలో ఎక్కడున్నా సరే, గుండ్రటి బ్యాంజో ఉన్నవాళ్లు, ఉన్నవాళ్లు తెలిసినవాళ్లు, వాయించడం రాకపోయినా ఫరవాలేదు, రండి. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పార్టిక్ సబ్‌వే స్టేషన్ బయట నిలబడి ఉంటాను. రెండింటికి తలుపు దగ్గర లెక్క మొదలవుతుంది.