గోడ అవతలి గోల్

మా చిన్నప్పుడు ఫుట్‌బాల్ గోడ అవతల నుంచి వినపడే ఆట...

సౌదీలోని కొండ ఊరు అభాలో మా ఇండియన్ స్కూలుకి మధ్యలో ఒక గోడ ఉండేది. అటు అబ్బాయిలు, మైదానం. ఇటు అమ్మాయిలు, బ్యాండు. మధ్యలో ఎప్పుడూ తాళం వేసి ఉండే ఇనుప గేటు.

ఆట చూడకుండానే ఆటకి బ్యాండు వాయించాలి. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. మన జట్టువాడు గోల్ కొడితే పరుగెత్తుకొచ్చి ఆ గేటును ఒక్క తన్ను తన్నాలి. అది ధన్‌మని మోగగానే మేం గెలుపు పాట ఎత్తుకోవాలి.

అమ్మ అక్కడ ఆసుపత్రిలో నర్సు. నేను తెనాలి వైపు కాన్వెంట్ హాస్టల్లో చదివి, ఏడో తరగతిలో అమ్మ దగ్గరికి వెళ్లాను. చప్పుడు లేకుండా కుర్చీ జరపడం, చప్పుడు లేకుండా నమలడం నేర్చుకుని వచ్చినదాన్ని. బ్యాండులో నాకు ట్రయాంగిల్ ఇచ్చారు, చిన్న కడ్డీతో తాకితే మోగే ఇనుప త్రికోణం. పాట మొత్తంలో దాని పని చాలా తక్కువ... నాకు అదే నచ్చింది.

పెద్ద డ్రమ్ము సమీనాది. కడప వాళ్లు. నాన్న ఏసీ మెకానిక్కు. అన్న ఆరిఫ్ మా స్కూలు గోల్‌కీపరు. డ్రమ్ము పట్టీ తెగిపోతే వాళ్లమ్మ నవారు ముక్క కుట్టి ఇచ్చింది.

"ఏమ్మే, అట్ల తాకితే ఈగ గూడ లేయదు. గట్టిగ కొట్టు," అనేది సమీనా, నా ట్రయాంగిల్ చూసి.

"అందరూ చూస్తారు."

"ఎవురు సూస్తారు మే? గోడుంది కదా!"

ఆ ఏడాదే బయటి దేశాల కుటుంబాల మీద లెవీ అని కొత్త పన్ను వచ్చింది. అక్కడ ఉండడానికి అనుమతిచ్చే ఇఖామా కార్డు రెన్యూ చేయించాలంటే ఇంట్లో ఒక్కొక్కరి పేరునా డబ్బు కట్టాలి. అప్పటికే నితాఖాత్ అనే రూలు ఉంది... సౌదీవాళ్లను సరిపడా పెట్టుకోని కంపెనీ రెడ్‌లో పడుతుంది. రెడ్‌లో పడితే అక్కడ పనిచేసేవాళ్ల ఇఖామాలు ఆగిపోతాయి.

మ్యాచ్ మ్యాచ్‌కీ బ్యాండు పలచబడింది. ఎక్కడికని ఎవరూ అడిగేవారు కాదు. "ఎగ్జిట్" అంటే చాలు, దేశం వదిలి వెళ్లిపోయారని. ఫ్లూట్లు వాయించేవాళ్లు పోయారు, పాటలో ఒక చరణం పోయింది. బ్యాండు నేర్పే కరుణ టీచర్ పాత చీరను పావడాకి కత్తిరించినట్టు, మిగిలినవాళ్లకు సరిపోయేలా పాటను కత్తిరిస్తూ వచ్చారు.

ఫైనల్ నజ్రాన్ ఊరి స్కూలుతో అని తెలిసిన వారంలోనే సమీనా వాళ్ల నాన్న కంపెనీ రెడ్‌లో పడింది. ఇంటిల్లిపాదికీ ఎగ్జిట్ కొట్టారు. విమానం ఫైనల్ రోజు సాయంత్రానికి దొరికింది.

ఆరిఫన్న అన్నం మానేశాడట. ఎన్నో ఏళ్లుగా ఆ కప్పు కోసమే ఆడుతున్నాడు. చివరికి వాళ్ల నాన్న సగానికి ఒప్పుకున్నారు. మధ్యాహ్నం దాటాక అసర్ నమాజుకి ఎలాగూ ఆట ఆపుతారు... అన్నాచెల్లెళ్లిద్దరూ అప్పటిదాకా ఉండి, వచ్చి టాక్సీ ఎక్కాలి.

ఆ రోజు పొగమంచు. అభాలో మధ్యాహ్నానికే లోయలోంచి మంచు పైకి వచ్చి ఊరిని కప్పేస్తుంది. మాకు గోడ అడ్డం, అటు ఆడేవాళ్లకు మంచు అడ్డం. మొదటి సగమంతా గేటు మోగనే లేదు. సమీనా కర్రలు పట్టుకుని గేటు వంకే చూస్తూ నిలబడింది.

అజాన్ వినపడింది. ఆట ఆగింది. సమీనా డ్రమ్ము తీసి నా మెడలో వేసింది. నవారు పట్టీ నాకు పొడుగైతే ముడి వేసింది.

"నాకు రాదు," అన్నాను.

"వచ్చేదానికి ఏముంది మే? గేటు మోగితే కొట్టు, అంతే."

"వెళ్లమ్మా, నాన్నగారు కంగారుపడతారు," అన్నారు కరుణ టీచర్.

సమీనా నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మే, నాకు ఇనపడాల. సెప్తాండా."

టాక్సీ డ్రైవరు కూడా నమాజుకి వెళ్లడం వల్ల వాళ్ల బండి వెంటనే కదల్లేదు. ఆట మళ్లీ మొదలయ్యాకే బయట ఇంజను చప్పుడైంది. అది సందు మలుపు తిరుగుతుండగా... గేటు ధన్‌మంది.

కొట్టాను. టీచర్ ఉలిక్కిపడి నా వైపు చూశారు. పాట పూర్తయినా కాసేపు ఆపలేదు.

అటువైపు మాత్రం కేకలేమీ లేవు. చివరికి గేటు సందులోంచి ఒక పిల్లవాడి గొంతు.

"అరే, గోల్ కాదక్కా! బాల్ తగిలింది గేటుకి! ఆపుండ్రి!"

తర్వాత ఓడిపోయాం. ఆరిఫన్న స్థానంలో నిలబడ్డవాడికి మంచులో బంతి కనపడలేదట. వాళ్ల గోల్‌కి గేటు మోగదు కాబట్టి, ఆట అయిపోయేదాకా మాకు ఓడినట్టు కూడా తెలియదు.

మరుసటి ఏడు బ్యాండు లేదు. డ్రమ్మును లైబ్రరీలో బీరువా మీద పెట్టారు. నవారు ముడి ఎవరూ విప్పలేదు. దాని కిందే కూర్చుని చదువుకునేదాన్ని, మేమూ ఇండియాకి వచ్చేసేదాకా.

ఈ మధ్య సమీనా నన్ను ఫేస్‌బుక్‌లో వెతికి పట్టుకుంది. కడపలోనే ఉందట. ఫోన్ చేసింది.

"ఆ పొద్దు ఇనపడింది మే! మలుపు కాడ. నాయన అద్దం దించినాడు. అన్న సీట్లో ఎగిరి, తల కారు టాపుకు కొట్టుకున్నాడు."

"సమీనా... అది గోల్ కాదు. బాల్ గేటుకి తగిలింది," అన్నాను.

"తెలుసులే. గెలిచినోళ్ల ఫోటో ఎప్పుడో చూసినా. అన్నకు మాత్రం సెప్పబాక. కప్పు మాదే అని ఇప్పటికీ పిల్లోళ్లకు సెప్తాంటాడు."

ఆరిఫన్న అక్కడే పుట్టి పెరిగాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. అందుకే ధైర్యంగా ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు ఏ ఆటైనా ఫోన్లో చూడొచ్చు. బంతి గీత దాటిందో లేదో ఆపి, దగ్గరికి తెచ్చి మరీ చూపిస్తారు... మీరూ ఎప్పుడైనా చప్పుడు మాత్రమే విని గెలిచామనుకున్నారా? ఉంటే రాయండి. కడపలో ఆరిఫన్న ఎదురుపడితే మాత్రం, కప్పు మనదే.