పెద్ద టీచరమ్మ జెరేనియం మొక్కలు

మొన్న నెల్లూరులో ఒక నర్సరీకి వెళ్లినప్పుడు, తెల్లటి రేకులకు ఎర్రటి అంచున్న జెరేనియం పూలు కుండీల్లో వరుసగా కనబడేసరికి నా గుండె దడదడలాడింది. పూలను చూసి భయమేమిటని మీరు నవ్వుకోవచ్చు గానీ, ఇరవై రెండేళ్ల వయసులో ఆ పూలు నన్ను పెట్టిన కంగారు అలాంటిది.

ఇందుకూరుపేట దగ్గరి మిషన్ బడిలో అప్పుడే ఉద్యోగంలో చేరాను. మా పెద్ద టీచరమ్మ తన గది ముందున్న మడిలోనూ, అడుగున చిల్లులు కొట్టిన పాలపొడి డబ్బాల్లోనూ ఆ రెండు రంగుల జెరేనియం పెంచుకునేవారు. ఊటీలో నర్సుగా పనిచేసిన వాళ్లక్క ఇచ్చిన కొమ్మలవి; ఆ అక్క పోయాక ఆమె గుర్తుగా మిగిలినవి అవే. కంటి ఆపరేషన్‌కి రాయవేలూరు వెళ్తూ వాటిని నాకు అప్పగించి, "నీళ్లెక్కువ పోయబాకమ్మా, కుళ్లిపోతాయి" అన్నారు.

నేను పోయలేదు గానీ, వారం రోజులు ముసురు పట్టింది. చిల్లులున్నాయి కదా అన్న ధీమాతో డబ్బాలను వరండాలోకి చేర్చలేదు. ఆ చిల్లులు మట్టితో పూడుకుపోయాయని కాండాలు మొదళ్ల దగ్గర నల్లబడ్డాక గానీ తెలియలేదు. మడిలోవి అప్పటికే వాలిపోయాయి. నా ఏడుపు చూసి మా హాస్టల్ వంటామె, "ఏడవబాక టీచరమ్మా, కుళ్లింది కోసి పారేసి పచ్చగుండే కొనలు ఇసకలో గుచ్చు" అంది. ఏడు కొనలు దక్కాయి. రోజూ బడి గంటకు ముందే వెళ్లి, వేరు పట్టిందేమోనని ఒక్కొక్కదాన్నీ మెల్లగా లాగి చూసేదాన్ని. నాలుగు పసుపుబారి చచ్చిపోయాయి.

పెద్ద టీచరమ్మ నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చారు. చూపు ఇంకా మసకే, కొన్నాళ్లు దాచవచ్చునని నాకు తోచకపోలేదు. కానీ ఆమె నేరుగా మడి దగ్గర వంగి, ఖాళీ మట్టిని చేత్తో తడుముతుంటే ఆగలేక జరిగిందంతా చెప్పేశాను. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. మూడు రోజులు బడి సంగతులు తప్ప నాతో మాటల్లేవు. అన్నం సయించలేదు, ఉద్యోగం మానేద్దామనుకున్నాను.

నాలుగోనాడు పిలిపించారు. జెరేనియం ఆకొకటి నలిపి వాసన చూస్తూ కూర్చుని, "దినామూ లాగి చూస్తా ఉండావంటనే? ఇంక లాగబాక, వేర్లు తెగిపోతాయి" అన్నారు. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

మూడూ బతికాయి. ఫిబ్రవరిలో మొదటి గుత్తి ఎర్రంచుతో విచ్చుకున్నప్పుడు, క్లాసు మధ్యలో నన్ను పిలిచి చూపించింది ఆమే.

ఇప్పుడు మొక్క చస్తే ఇంకొకటి కొనుక్కుంటున్నాం. ఈ వయసులో నాకు దేనికీ కంగారు లేదని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. అంత కంగారుపడేలా, నన్ను నమ్మి తన ప్రాణంలాంటిది చేతిలో పెట్టి వెళ్లే మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరని మాత్రం వాళ్లతో అనలేదు.