పాట మొదలయ్యే అంచు

2022 వర్షాకాలం. రాజమండ్రిలో మా ఇంటి ముందుగదిలోనే నా పని. పాత గ్రామఫోన్ రికార్డుల్లోని పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి, గీతల చప్పుళ్ళు తగ్గించి ఇస్తాను. దీన్ని ట్రాన్స్‌ఫర్ అంటాం. అప్పటికి మా పాపకు తొమ్మిదో నెల.

ఉప్పాడ నుంచి అప్పలరాజు గారు వచ్చారు. డెబ్బై దాటిన మత్స్యకారుడు. పాత లుంగీ ముక్కలో చుట్టి ఒక్క రికార్డు తెచ్చారు. వల లాగేటప్పుడు వాళ్ళమ్మ పాడే పాటను మద్రాసు కంపెనీవాళ్ళెవరో విని, ఆమెను తీసుకెళ్ళి, ఫిడేళ్ళు, క్లారినెట్ చేర్చి ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారట. ఆయన ఏడో ఏట ఆమె పోయింది. ఫొటో లేదు. ఆమె తిరిగిన ఇల్లు సముద్రపు కోతలో పోయింది. చిన్నప్పుడు ఊళ్ళో ఒకరింట్లో ఆ రికార్డును రెండుసార్లు విన్నారు, అంతే. ఆ గొంతు మళ్ళీ ఒక్కసారి వినాలని వచ్చారు.

ట్రాన్స్‌ఫర్‌కు ముందు రికార్డును కడగాలి. నా దగ్గర రెండు సీసాలుంటాయి. తర్వాతి కాలపు వినైల్ రికార్డులకు వాడే ద్రవంలో ఆల్కహాల్ ఉంటుంది. ఆయన తెచ్చినదాని లాంటి పాతవి షెలాక్‌వి, అంటే లక్కతో చేసినవి. ఆల్కహాల్ తగిలితే వాటి పైపొర కరిగిపోతుంది. ఆల్కహాల్ లేని రెండో సీసా వాటికి. ఈ పనిలో మొదట నేర్చుకునేదే ఇది. ఆ ఉదయం పాపకు జ్వరం. థర్మామీటర్ చూడటం, నుదుటి మీద గుడ్డ తడపడం, మళ్ళీ బల్ల దగ్గరికి రావడం. పని ఆపాల్సింది. ఆపలేదు. తప్పు సీసా తీశాను.

ఏ ద్రవమైనా ముందు అంచు మీద పరీక్షించడం మాకు అలవాటు. అంచు చుట్టూ తుడిచాను. గుడ్డకు నల్లగా అంటింది. మురికి అనుకున్నాను. రెండోసారి తుడిచాక అక్కడ మెరుపు పోయింది. అప్పుడు సీసా మీద పేరు చదివాను.

రికార్డులో పాట మొదలయ్యేది ఆ అంచు నుంచే. సూది పెడితే మొదటి ఇరవై సెకన్లు బరబర తప్ప ఏమీ లేదు. తర్వాత ఆర్కెస్ట్రా. దాని అడుగున ఎక్కడో ఒక ఆడగొంతు.

మర్నాడు ఆయన వచ్చి కూర్చున్నారు. నేను నోరు తెరిచేలోపే అన్నారు: “మొదట్లో వాయిద్యాలుండవండి. అమ్మ ఒక్కత్తే ఎత్తుకుంటాది. అది చాలండి నాకు.”

పాప జ్వరం సంగతి, సీసా సంగతి దాచకుండా చెప్పాను. మిగిలిన పాట మొత్తం విన్నారు.

“ఈ ఫిడేళ్ళు తీసెయ్యలేరాండి?”

సాఫ్ట్‌వేర్‌తో అప్పటికే ప్రయత్నించాను. విడిగా వచ్చిన గొంతు రేకు మీద మోగినట్టుంది; అదే వినిపించాను. కాసేపు విని, హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టారు.

“ఇది మా అమ్మ కాదండి.”

క్షమించమన్నాను. రికార్డును లుంగీ ముక్కలో చుట్టుకుంటూ అడిగారు.

“పాపకి జ్వరం తగ్గిందా అమ్మా?”

“తగ్గిందండి” అన్నాను. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

ఇప్పుడు ఎంత మురికిగా ఉన్నా, కడగకముందే ఒకసారి ట్రాన్స్‌ఫర్ చేసి దాచుకుంటాను. వినైల్ సీసా వేరే గదిలో ఉంటుంది. రికార్డు తెచ్చినవారిని మొదట అడిగేది ఒకటే: ఇందులో మీకు కావలసింది ఎక్కడుంది? అప్పలరాజు గారిని ఆ మాట అడిగి ఉంటే, అంచు జోలికి పోయేదాన్ని కాదు.