ఒలిండాలో అక్క

పోయిన శుక్రవారం మా పాత రియాద్ నర్సుల గ్రూపులో కబురొచ్చింది, కాకినాడలో అక్క పోయిందని. ఎవరో "ఫైనల్ ఎగ్జిట్" అని రాసి దండం బొమ్మ పెట్టారు. గల్ఫ్ వదిలి మళ్ళీ రాకుండా వెళ్ళిపోయేవాళ్ళకు పాస్‌పోర్టులో వేసే ముద్ర అది. దాని కింద వరసగా, "పాపం, బతుకంతా ఇంటివాళ్ళకే ధారపోసింది" అని. నాకు ఒళ్ళు మండింది. ధారపోసిన మాట నిజమే. ఆ 'పాపం'తోనే నా పేచీ. అందుకే ఇది రాస్తున్నాను.

ఆడవాళ్ళ వార్డుకు ఆవిడ హెడ్ నర్సు. చిన్నా పెద్దా లేకుండా తెలుగువాళ్ళందరికీ అక్క. నేను కడప నుంచి కొత్తగా వెళ్ళి బాత్‌రూములో ఏడుస్తుంటే తలుపు కొట్టి, "అయ్యాక మొహం కడుక్కుని రావే, అన్నం చల్లారిపోతోంది" అంది. అదే ఓదార్పు. డాక్టర్ల రౌండుకు ముందు ప్రతి రోగికీ తల దువ్వేది. టైము దండగని ఎవరైనా గొణిగితే, "జబ్బు మనిషికి గానీ జుట్టుకి కాదుగా?" అనేది.

గల్ఫ్ యుద్ధం వచ్చినప్పుడు చాలామంది రాజీనామాలిచ్చి వెళ్ళిపోయారు. అక్క కదల్లేదు. సైరన్ మోగితే రోగుల మంచాలను కిటికీలు లేని నడవాలోకి తోసేవాళ్ళం. అక్కడ మాతో కూర్చునే బ్రెజిల్ ఫిజియోథెరపిస్టు, భయం పోగొట్టుకోవడానికేమో, వాళ్ళ ఊరు ఒలిండా గురించి చెప్పేది. సముద్రం పక్కన కొండ, కొండ నిండా రంగురంగుల ఇళ్ళు. ఏటా కార్నివాల్‌కు అక్కడ మేడంత బొమ్మలు ఊరేగిస్తారట. "పండగ కన్నా పండగ ముందు రోజులే బాగుంటాయి, ఊరంతా జిగురు వాసన" అనేది. ఒకసారి బయట ఏదో పేలి గోడలు అదిరాయి. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "బతికి బయటపడితే ఆ జిగురు వాసన చూసొద్దామే" అంది. నేను సరేనన్నాను. ఆ క్షణంలో దేనికైనా సరేననేదాన్నే.

అక్క మాత్రం మర్చిపోలేదు. గల్ఫ్‌లో వెకేషన్ అంటే ఇంటికెళ్ళడమే. సబ్బులు, సెంట్లు, దుప్పట్లు కుక్కిన పెట్టెలతో వెళ్ళి, ఖాళీ పెట్టెలతో తిరిగి రావడం. మరుసటి ఏడు ఆవిడ సెలవు కాగితంలో బ్రెజిల్ అని చూసి ఆఫీసులో హైదరాబాదు గుమాస్తా బిత్తరపోయాడు.

"సిస్టర్, ఛుట్టీ అంటే ఇంటికే గదా?"

"ఛుట్టీ నాది. ఎక్కడికెళ్తే నీకేం నాయనా?"

ఆ తర్వాత కాకినాడ నుంచి తమ్ముడి ఫోను. మేనకోడలికి ఓణీల ఫంక్షను పెట్టుకున్నారు, మేనత్త రాకపోతే ఎలా అని. "బ్రెజిలా? అక్కడ మనవాళ్ళెవరున్నారక్కా?"

"ఎవరూ లేరనేరా వెళ్తున్నాను."

అట్లా అయితే మళ్ళీ మా గడప తొక్కొద్దని అతను ఫోను పెట్టేశాడు. అక్క కళ్ళు తుడుచుకుంది. టికెట్టు మాత్రం మార్చుకోలేదు. నడవాలో సరేనన్నాను గనక నేనూ వెంట బయల్దేరాను. తమ్ముడు చాలాకాలం మాట్లాడలేదు. ఆ ప్రయాణం అక్కకు ఊరికే రాలేదు.

ఒలిండాలో మొదటి పొద్దున, లాడ్జి గది దాటుతూనే రియాద్ అలవాటు కొద్దీ ఇద్దరం బట్టల మీద ఒళ్ళంతా కప్పే నల్ల అబాయాలు తొడిగేసుకున్నాం. నేనైతే రియాద్‌లో అడుగు బయటపెడితే దగ్గరుండాల్సిన ఇకామా కార్డు కోసం బ్యాగులో వెతికి, కనపడక కంగారు పడ్డాను కూడా. అప్పటికి ఉద్యోగం వదిలి ఊరు చేరిన మా ఫిజియోథెరపిస్టు సగం కొండ మీద ఎదురొచ్చి పగలబడి నవ్వింది. అప్పుడు గానీ మేమెక్కడున్నామో మాకు గుర్తు రాలేదు.

వీధుల్లో నిచ్చెనలేసి తోరణాలు కడుతున్నారు. చిన్న చిన్న రంగుల గొడుగులు గుమ్మాల ముందు ఆరబెట్టారు. ఓ సందులో బాకాలవాళ్ళు ఒకే ముక్కను తప్పుల తడకగా వాయించి, ఒకరినొకరు తిట్టుకుని, మళ్ళీ మొదలెడుతున్నారు. ఓ కొట్టంలో అన్నీ తలలు! కాగితం, జిగురుతో చేసినవి, ఒక్కోటీ నీళ్ళ గాబంత. "ఒసే, ఇవి మా బుట్టబొమ్మలేనే!" అంటూ అక్క లోపలికి దూరిపోయింది.

ఒక బొమ్మ తలకు రంగులేస్తున్న ముసలావిడ మా నల్ల అబాయాలు చూసి ఏదో అడిగింది. "మీరు ఏ బృందం, ఇది ఏం వేషం అని అడుగుతోంది" అని మా ఫిజియోథెరపిస్టు నేస్తం చెప్పింది. అక్క అబాయా విప్పి చంకన పెట్టుకుంది. లోపల చిలకపచ్చ వాయిల్ చీర. ముసలావిడ దాన్నీ ఎగాదిగా చూసి మళ్ళీ అదే ప్రశ్న వేసింది.

"వేషం కాదు, ఇది నేనే అని చెప్పవే" అంది అక్క.

బాకాలవాళ్ళతో వీధిలో నడిపి చూడడానికి ఒక బొమ్మ సిద్ధంగా ఉంది. అక్క దాని కింది చట్రాన్ని తడిమింది. "చిన్నప్పుడు మా ఊళ్ళో మోస్తానంటే, ఆడపిల్లవి నీకెందుకే అన్నారు. ఇక్కడ ఎవరాపుతారో చూస్తాను."

"వద్దక్కా, నడుము ఇరుగుతాది" అన్నాను.

"మంచాల మీంచి మనుషుల్నెత్తిన నడుమే ఇది."

నేను ఇంగ్లీషులో చెప్తే, మా నేస్తం ఆ మాటలన్నీ వాళ్ళ భాషలోకి తర్జుమా చేసి చెప్పింది. ముసలావిడ లేచొచ్చి, అక్క భుజాలు నొక్కి చూసి, తలూపింది.

బాకాలు మొదలయ్యాయి. రెండు నిలువుల బొమ్మ కొంచెం తూలి, నిలదొక్కుకుని, ఎర్రటి బుగ్గలతో ఊగుతూ వీధిలోకి దిగింది. కింద నాకు కనపడేవి పచ్చ కుచ్చిళ్ళూ రెండు పాదాలూ మాత్రమే. జనం దారికడ్డంగా నిలబడి చూస్తున్నారు. బొమ్మ కడుపులోంచి కాకినాడ గొంతు ఖంగుమంది: "తప్పుకోండర్రా! దారివ్వండి!"

అక్కడ ఒక్కరికీ తెలుగు రాదు. వీధి వీధంతా పక్కకు జరిగింది.