పనస గిటారు, ఇనప గరిటె

దయ్యాల్ని నమ్మే ఉద్యోగం కాదు నాది. రైల్లో టీటీని. ముసుగుతన్ని పడుకున్నవాడు నిజంగా నిద్రపోతున్నాడో, నన్ను చూశాక నిద్రపోయాడో దుప్పటి ఎత్తకుండానే చెప్పగలను. రెస్ట్‌రూమ్‌లో తోటివాళ్లు తెల్లచీర కథ ఎత్తుకుంటే, "ఆవిడ దగ్గర టికెట్టుందా లేదా? అది చెప్పండి ముందు" అని లేచి వెళ్లిపోయే మనిషిని. అలాంటిదాన్ని కూర్చుని ఇది రాస్తున్నానంటే నాకే చిరాగ్గా ఉంది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలిగా.

ముందు మా నాన్న గురించి చెప్పాలి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పని మీద బిలాస్‌పూర్ వచ్చి, ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం మాది. నాన్న రైల్వే షెడ్డులో మోటార్లకి రాగి తీగ చుట్టేవారు. కాలిపోయిన మోటారు తెచ్చి ముందు పెడితే, పాత తీగంతా ఊడబెరికి కొత్త కాయిల్ చుట్టడం ఆయన పని.

ఆ రోజుల్లో రైల్వే క్లబ్బులో శనివారం డాన్సులకి ఒక ఆంగ్లో ఇండియన్ గార్డుగారు ఎలక్ట్రిక్ గిటారు వాయించేవారు. విదేశీ సరుకు. ఒకసారి అది మూగబోయింది. కలకత్తా పంపించాలా, ఏం చేయాలా అని ఆయన తల పట్టుకుంటే, కాయిళ్లు చుట్టేవాడు మన షెడ్డులోనే ఉన్నాడుగా అని ఎవరో మా నాన్న దగ్గరికి పంపారు. నాన్న తీగల కింద ఉన్న పెట్టె విప్పారు. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ. అంతే. దాన్నే పికప్ అంటారు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ కదలికని ఇది పట్టుకుంటుంది, స్పీకరు పలుకుతుంది.

"ఓసింతేనా! ఇది మన మోటారుకి చిన్నతమ్ముడు" అన్నారట నాన్న.

గార్డుగారి గిటారు బాగైంది. మా నాన్న మాత్రం బాగవలేదు. ఆ పిచ్చి పట్టుకుంది.

మొదటి కార్ఖానా మా క్వార్టర్ వెనక వరండా. అమ్మ కుట్టు మిషన్ చక్రానికి కాయిల్ బిగించి తిప్పేవారు. ఆ ఏడాది అమ్మకి ఒక్క కొత్త జాకెట్టు కూడా లేదని మా మేనత్త ఇప్పటికీ దెప్పుతుంది. పాత రైలు పెట్టెలు విరిచాక వేలంలో దొరికే టేకు చెక్కతో గిటారు ఒళ్లు చేసేవారు. ఎండకీ వానకీ తిరిగిన చెక్క కదా, ఇంక వంగదు, పగలదు అనేవారు. అవే గిటార్లు తరవాత రాయ్‌పూర్, జబల్‌పూర్ ఆర్కెస్ట్రాల దాకా వెళ్లాయి. ఊళ్లోనే కుదుదండ్ పేటలో ఇల్లు కట్టుకున్నాక పెరట్లో రేకుల షెడ్డు వేశారు. ఒక వడ్రంగి, పాలిష్ పెట్టే ఇద్దరు అన్నదమ్ములు, నాన్న. దాన్నే వీధిలో వాళ్లు గిటార్ ఫ్యాక్టరీ అనేవారు.

గిటారు తల మీద హిందీ అక్షరాల్లో "పైడి" అని ఉండేది. అమ్మ పేరు పైడమ్మ.

"నా పేరు పెట్టి ఊరూరా వాయించుకోమని ఇచ్చీసినారేటి, సిగ్గు నేదేటి మీకు?" అని అమ్మ తిట్టేది. తిడుతూనే చీర కొంగుతో ఆ పేరు మీది దుమ్ము తుడిచేది.

ఇప్పుడు చెప్పేది కాస్త శ్రద్ధగా వినండి, కథంతా దీని మీదే ఉంది. చుట్టిన కాయిల్‌ని చివర్లో కరిగిన మైనంలో ముంచుతారు. పక్కనే ఉన్న కోటా ఊరి సంత నుంచి తేనెమైనం తెచ్చి, కొవ్వొత్తి మైనంతో కలిపి కాచేవారు. మైనం పట్టాక కాయిల్ గిటారు తీగల మాట తప్ప ఇంకేదీ వినదు. పట్టకముందు మాత్రం మనిషి గొంతు కూడా వింటుంది. దాని దగ్గర నోరు పెట్టి మాట్లాడితే స్పీకరులో వినిపిస్తుంది. నాన్న పరీక్ష అదే. స్పీకరు పక్కనే ఉంటే కీచుమని కూస్తుంది కాబట్టి దాన్ని పొడుగాటి వైరుతో వంటింట్లో పెట్టారు. షెడ్డులో కూర్చుని కాయిల్‌లోకి వంగి, "ఏటే, ఇనపడతందా?" అనేవారు.

వంటింట్లో అమ్మ వినేది. షెడ్డు చప్పుళ్లలో ఆమె గొంతు నాన్నకి వినిపించదు. అందుకని ఇత్తడి గిన్నె అంచు మీద ఇనప గరిటెతో కొట్టేది. గొంతు సరిగా రాకపోతే ఒక్కటి. అంటే విప్పి మళ్లీ చుట్టాలి. బాగుంటే రెండు. రెండు కొట్టిందంటే పని అయిందనీ, కంచం పెట్టేసిందనీ కూడా. అప్పుడు కాయిల్ మైనంలోకి, నాన్న అన్నంలోకి. నాన్న వచ్చేదాకా అమ్మ ముద్ద ముట్టేది కాదు. మా ఇంట్లో భోజనాలకి గడియారం ఎప్పుడూ లేదు, గరిటే ఉండేది.

అమ్మ ఒక్కసారి తప్పు కొట్టింది. టేకు దొరకని రోజుల్లో పనసచెక్కతో ఒకే ఒక గిటారు చేశారు, పసుప్పచ్చగా ఉండేది. దాని కాయిల్ ఆ రోజంతా మొండికేసింది. అమ్మ ఈ సంగతి నాతో మాత్రమే చెప్పింది.

"మీ నాన్న పొద్దుట్నించి ఏటీ తిన్లేదే. గొంతు ఎనకాతల గుర్రుమని రొద వస్తంది. ఒక్కటి కొడితే మళ్లీ ఇప్పదీసి కూకుంటాడు. అందుకని రెండు కొట్టీసినాను. అబద్ధం కొట్టీసినానే పద్మా. అది ఎవడి చేతిలో గుర్రుమంటందో ఏటో."

ఎన్నేళ్లయినా ఆ మాట తలుచుకునేది. నవ్వుతూనే చెప్పేది గానీ కళ్లు నవ్వేవి కావు.

కీబోర్డులు వచ్చాయి, గిటార్లు అడిగేవాళ్లు తగ్గారు, షెడ్డుకి తాళం పడింది. పోయిన వానాకాలంలో అమ్మ పోయింది. నాన్నని ఒంటరిగా వదల్లేక నేను నెహ్రూ నగర్‌లోని మా ఇంటి నుంచి సామానుతో సహా కుదుదండ్ వచ్చేశాను. మా ఆయన ఉద్యోగం కోర్బాలో, సెలవు దొరికినప్పుడు వస్తారు.

నాన్న తిండి మానేశారు. మొండికేసి కాదు. కంచం ముందు కూర్చుంటారు, రెండు మెతుకులు కెలుకుతారు, లేస్తారు. బతిమాలాను, అరిచాను, ఒకరోజు కంచం విసిరేశాను కూడా. డాక్టరు చూసి, ఒంట్లో జబ్బు లేదమ్మా, ఇలాగే ఉంటే మాత్రం ఎక్కువ కాలం నిలబడరు అన్నాడు. మనిషి చొక్కాలో వేలాడుతున్నట్టు అయిపోయారు. ఎందుకు తినవు నాన్నా అని గట్టిగా నిలదీస్తే, "పిలుపు రాలేదమ్మా" అన్నారు. పైవాడి పిలుపనుకుని నేను గబగబా మాట మార్చేశాను.

అమ్మ ఇత్తడి గిన్నె, ఇనప గరిటె కంటపడితే నాకు ఏడుపు ఆగేది కాదు. అప్పటికే రెండూ పాత చీరలో మూటకట్టి అటకెక్కించేశాను. నేను వండేది కుక్కర్లో. కలిపేది చెక్క గరిటెతో. ఇది గుర్తుపెట్టుకోండి.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం కోటా నుంచి సునీల్ అనే కుర్ర మాస్టారు వచ్చాడు. వాళ్ల నాన్న ఆర్కెస్ట్రాలో వాయించేవాడట. ఆయన పోయాక గిటారు మూగబోయిందట. ఇలాంటి పాతవాటి కోసం ఇప్పుడు మనుషులు వెతుక్కుంటూ తిరుగుతున్నారు, నేను అమ్ముకోను గానీ బాగుచేయించుకోవాలి అన్నాడు. సంచి విప్పాడు. పసుప్పచ్చటి పనసచెక్క.

నాన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని తల మీది పేరుని వేలితో తుడిచారు. తరవాత లేచి షెడ్డు తాళంచెవి అడిగారు.

ఒంట్లో ఓపిక లేదు. అయినా రోజూ కాసేపు కూర్చుని చుట్టారు. అయ్యేనాటికి సునీల్ మళ్లీ వచ్చాడు. భోజనాల వేళ అది. స్పీకరు పాత చోటే, వంటింట్లో పెట్టమన్నారు. పెట్టి, వీధి తలుపు గడియ వేసి, పెరటి గుమ్మంలోంచి షెడ్డులోకి వచ్చాను. నేను నిలబడ్డ చోటినుంచి ఆ గుమ్మం కనిపిస్తూనే ఉంది. ఇంట్లో పురుగు కూడా లేదు.

నాన్నకి రైల్వే షెడ్డు ఉద్యోగంతోనే చెవులు పోయాయి. చెవి మిషన్ పెట్టుకుంటే కాయిల్ దగ్గర గుయ్యిమంటుందని తీసి నా చేతికిచ్చారు. అది లేకపోతే పక్కన టపాకాయ పేల్చినా వినపడదు. కాయిల్‌లోకి వంగారు.

"ఏటే, ఇనపడతందా?"

అలవాటు చొప్పున వచ్చిన మాట. అనేశాక ఆయన ముఖం చూడాలి. ఎవరిని అడిగారో గుర్తొచ్చి కాయిల్ మీంచి చెయ్యి తీసేశారు.

నాకు ఒకటే ఆలోచన. ఎలాగోలా ఈయన్ని లేపి అన్నం దగ్గర కూర్చోబెట్టాలి. స్పీకరు ఏం పలికిందో నాకేం తెలుసు, అది వంటింట్లో ఉంది. అయినా మిషన్ మళ్లీ ఆయన చెవికి పెట్టి, బాగుంది నాన్నా, పద తిందాం అని చెప్పబోయాను.

వంటింట్లోంచి చప్పుడైంది. ఇత్తడి మీద ఇనుము. ఒక్కటే.

సునీల్ తల తిప్పాడు. "అందర్ కౌన్ హై, దీదీ?" అని లోపల ఎవరున్నారని అడిగాడు.

నేను పెరటి గుమ్మం వైపు చూశాను. నాన్న మాత్రం కాయిల్ వైపు చూసి నిట్టూర్చారు.

"ఒక్కటే కొట్టినాది. మళ్లీ చుట్టాల."

ఆయన చెవి మిషన్ నా పిడికిట్లో ఉంది.

పరిగెత్తాను. వంటింట్లో కుక్కర్, చెక్క గరిటె, మూత పెట్టిన పప్పు గిన్నె, అన్నీ నేను పెట్టినట్టే ఉన్నాయి. పిల్లి లేదు. కిటికీ మూసుంది. స్టూలెక్కి అటక చూశాను. మూట ముడి మీద దుమ్ము వేలు కూడా తగలనట్టు అలాగే ఉంది. ముడి విప్పాను. గిన్నె, గరిటె లోపలే ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. ఏదో వేడిగా ఉందని చెబితే కథ రంజుగా ఉండేది, కానీ చల్లగానే ఉన్నాయి. మళ్లీ ముడివేసి దిగాను.

షెడ్డులో నాన్న అప్పటికే కాయిల్ విప్పారు. లోపల ఒకచోట రెండు తీగలు కలిపిన అతుకు సరిగా పడలేదు. సునీల్ టార్చి పట్టుకుంటే నేనూ చూశాను.

మర్నాడు పొద్దున్నుంచి కూర్చుని మళ్లీ చుట్టారు. మళ్లీ అదే వేళ, అదే ప్రశ్న. ఈసారి నేను పెరటి గుమ్మంలోనే, వంటింటికి ఎదురుగా నిలబడ్డాను. స్పీకరులోంచి నాన్న గొంతు స్వచ్ఛంగా వచ్చింది, వెనక ఏ రొదా లేదు. ఆ వెంటనే రెండు దెబ్బలు. టంగ్, టంగ్. నా కళ్ల ముందున్న వంటిల్లు ఖాళీ. నాకు భయం వేయలేదు. అమ్మా అని ఏడుపు మాత్రం తన్నుకొచ్చింది, గుమ్మం పట్టుకుని ఏడ్చేశాను.

నాన్న కాయిల్‌ని మైనంలో ముంచి, చేతులు కడుక్కుని వచ్చి పీట వాల్చుకున్నారు.

"పెట్టమ్మా, ఆకలేస్తంది."

పప్పు, వంకాయ కూర, చివర్లో మజ్జిగ. మారు వడ్డించుకుని తిన్నారు. తింటూ తింటూ అన్నారు, "అప్పుడు ఈ పనసదానికి మీ అమ్మ అబద్ధం కొట్టినాది."

నేను ఉలిక్కిపడ్డాను. చెవి మిషన్ పెట్టి అడిగాను, "నీకు తెలుసా నాన్నా?"

"చుట్టినోడిని, నాకు తెలీదేటి?"

"తెలిసీ మైనంలో ఎందుకు ముంచేశావు?"

"మీ అమ్మ కూడా పొద్దుట్నించి తిన్లేదు కదమ్మా" అన్నారు నాన్న.

సునీల్ గిటారు పట్టుకెళ్లాడు. ఆదివారాలు వాళ్ల చర్చిలో వాయిస్తున్నాడు. వాడి నోటి ద్వారా సంగతి పాకి ఇంకో ఇద్దరు పాత పైడి గిటార్లు తెచ్చారు. నాన్న చొక్కాలు మళ్లీ ఆయనకి సరిపోతున్నాయి.

ఇత్తడి గిన్నె వేడికి సాగి చప్పుడైందేమో అనుకున్నాను, కానీ అది అటక మీద మూటలో ఉంది. పక్కింటి చప్పుడేమో అనుకున్నాను, పక్కిల్లు ఎన్నాళ్లుగానో తాళం వేసి ఉంది. నాకు తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు.

మూట దించి గిన్నె గట్టు మీద పెట్టి, గరిటె గోడకి తగిలించాను. ఇంట్లో ఉన్నప్పుడు నేనే విని కొడతాను, నాన్న చెవి మిషన్ పెట్టుకుని వింటారు. డ్యూటీకి వెళ్లిన రోజుల్లో ఇంట్లో నాన్న ఒక్కరే. అయినా నేను తిరిగొచ్చేసరికి కాయిల్ మైనం పట్టి ఆరుతూ ఉంటుంది, కంచం కడిగి బోర్లించి ఉంటుంది.

"బాగుందని ఎవరు చెప్పారు నాన్నా?" అని ఒకసారి అడిగాను.

"చెప్పవలసినోళ్లు చెప్పినారు. నీకెందుకే?" అన్నారు.

రైల్లో ఎవరినైనా టికెట్ అడుగుతాను. మా వంటింట్లో మాత్రం అడగదలుచుకోలేదు. డ్యూటీ నుంచి వచ్చేసరికి రెండో కంచం కూడా కడిగి నాన్న కంచం పక్కనే బోర్లించి ఉంటుంది. రెండూ తీసి అల్మారాలో సర్దుతాను.